ముక్కు నుంచి తోక దాకా

నేను ఒక టేకు పలకను. నాకు ఒక కొసన నిలువుగా చిన్న చెక్క అడ్డు ఉంటుంది. చేప ముక్కును దానికి ఆనించి, ఒంటిని నా మీద చాపి, తోక ఎక్కడిదాకా వచ్చిందో నా నడుమ పొదిగిన స్కేలు మీద చూస్తారు. అంతే నా ఉద్యోగం. మనుషులైతే ఎత్తు అడిగినప్పుడు ఒక అంగుళం కలిపి చెబుతారు. చేపలకు ఆ వీలు లేదు.

నన్ను చేసినవాడు విశాఖపట్నంలో బల్లలు, బీరువాలు చేసే సింహాద్రాచారి. "ఇంత మంచి టేకు చేపల్ని పడుకోబెట్టడానికా తల్లీ!" అని నవ్వుతూనే నున్నగా చిత్రిక పట్టాడు. చేయించుకున్నది హేమనళిని. సముద్రంలో చేపలు ఏం తింటాయో, ఎప్పుడు గుడ్లు పెడతాయో పరిశోధించే శాస్త్రవేత్త.

ఆ రోజుల్లో, ఒడ్డున నిలబడి ఊరంతా కలిసి లాగే అలివి వలలను ఆపేయాలని అధికారులు అనుకుంటున్నారు. వాటిలో పిల్లచేపలు నాశనమవుతున్నాయని వాళ్ళ అనుమానం. నిజమో కాదో తేల్చమని హేమనళినికి అప్పగించారు. అలా భీమిలి అవతల ఒక పల్లెకు చేరాం.

అక్కడి అలివి వల, గరికిన పోలమ్మ అనే ఆవిడ ఇంటివాళ్ళది. చేపలు అమ్మేది ఆవిడే.

"నువ్వు కొలిత్తే మా వల ఆపేత్తారంట గదా?" అని ఎదురొచ్చింది.

"ఏమవుతుందో నాకూ తెలీదు పిన్నీ. కొలిచిందే చెబుతాను."

"అయితే ఆ సెక్క అట్టుకుని ఎల్లిపో."

వెళ్ళలేదు. మర్నాడు హేమనళిని టీ తాగడానికి లేచిన సందు చూసి, పోలమ్మ నా మీద ఒక పెద్ద వంజరం చేపను పెట్టి కత్తి ఎత్తింది. చేప కొయ్యడానికి నాకంటే మంచి పీట దొరకలేదు కాబోలు. తిరిగొచ్చిన హేమనళిని నోరు తెరిచింది. తగువు ఖాయమనుకున్నాను. కానీ ఆవిడ చూపు చీల్చిన చేప పొట్ట మీద ఉంది.

"ఆ పొట్టసంచి పారేయకండి పిన్నీ! నాకు ఇవ్వండి!"

పోలమ్మ కత్తి దించి పగలబడి నవ్వింది. "సూడండర్రా, మాంసం ఒద్దంట, పేగులు కావాలంట!"

ఒడ్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు చేపలు కోసినప్పుడల్లా పొట్టసంచులు ఆవిడకు తీసి ఉంచేవారు. వాటిని విప్పితే లోపల నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్నచేపలు. ఏ చేప ఏ చేపను తిని బతుకుతోందో కొద్దికొద్దిగా తెలిసింది. పోలమ్మ ఇంటి పులుసు రుచి కూడా ఆవిడకు తెలిసింది. నాకు మాత్రం వాసన మిగిలింది.

వలలో ఎక్కువగా పడేవి నెత్తళ్ళే. నా మీద వేలెడంత కూడా లేవు, కానీ కడుపు నిండా గుడ్లు. అవి పిల్లలు కావు, ఎదిగిన తల్లులు. హేమనళిని మొహం వెలిగిపోయింది.

అంతలో వానలు పడ్డాయి. వలలో మెరిసే చిన్నచేపలు కుప్పలుగా వచ్చాయి. ఒక్కొక్కటీ నా మీద పెడుతుంటే ఆవిడ చెయ్యి నెమ్మదించింది. అవి వంజరం పిల్లలు. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆవిడ మాత్రం తిన్నగా పోలమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ, ఏడాదంతా మీ వల వల్ల నష్టం లేదు. ఈ వానల్లో మాత్రం ఉంది. రాయకుండా ఉండలేను."

"మా కూడు తిని మా మీదే రాత్తావేటి?"

"రాస్తాను. మీకు చెప్పకుండా మాత్రం రాయను."

పోలమ్మ గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఒక్క పొట్టసంచీ రాలేదు. హేమనళిని రోజూ వచ్చి, నన్ను ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది.

ఒక పొద్దున్న పోలమ్మే వచ్చి పక్కన చతికిలబడింది. "ఈ వానల్రోజుల్లో వల మానేత్తే, మిగతా ఏడాది మా జోలికి రారేటి?"

"అదే అడుగుదాం. మీరూ రండి."

అధికారుల బల్ల మీద నన్ను పెట్టి, నా మీద రెండు చేపలు పక్కపక్కన పడుకోబెట్టింది హేమనళిని. రెండూ ఒకే పొడుగు. "ఇది గుడ్లతో ఉన్న తల్లి. ఇది పసిపిల్ల. పొడుగు చూసి రెంటికీ ఒకే తీర్పు ఇవ్వకండి," అంది. పెద్ద అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే వంగి చూశాడు.

పోలమ్మ లేచి నిలబడింది. "మాకూ పిల్లలున్నారు బాబూ. ఈ పిల్లల్ని మేం ఒగ్గేత్తాం. మా వలని మీరు ఒగ్గేయండి."

ఆయన రుమాలు తీసి నవ్వాడు. వానల్రోజులు మినహా వలకు అడ్డు లేదన్నాడు.

ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. నేను విశ్వవిద్యాలయం మ్యూజియంలో, తిమింగలం ఎముక పక్కన, అద్దాల పెట్టెలో ఉన్నాను. పిల్లలు నన్ను దాటుకుని ఎముక దగ్గరికి పరుగెడతారు. నేనేమీ అనుకోను.

మొన్న హేమనళిని విద్యార్థులకు చెబుతుంటే విన్నాను. పోలమ్మ వాళ్ళ రేవుకు బాగా ఎదిగిన వంజరం ఒకటి వచ్చిందట. కొత్త పలక మీద పెడితే తోక బయటికి వేలాడిందట. ఆ పలకకూ నాకూ పొడుగు ఒకటే. కొలవలేని చేప వచ్చిందని ఒక పలక ఇంత సంబరపడటం మీరెప్పుడైనా విన్నారా?