దించిన గంప ఎత్తని రేవు

మా ఆయన ఊరు కడతానన్న రోజున మా అత్తయ్య కాంతమ్మ, "ముందుగాల పెరటి గోడ కట్టియ్యి" అంది. గోడ కూలి రెండేళ్లయింది మరి. మా ఆయన అనంతరావు గోడ సంగతి వదిలేసి ఊరే కట్టాడు.

అప్పటికి మా రాజూరా తాలూకాను ఆదిలాబాదు నుంచి తీసి నాందేడులో కలిపారు. మూడేళ్లు తిరక్కుండానే నాందేడు నుంచి తీసి చాందాలో కలిపారు. గడప దాటకుండానే మేం హైదరాబాదు వాళ్లం కాస్తా బొంబాయి వాళ్లమయ్యాం. కచేరీ కాగితాలన్నీ మరాఠీలో వస్తున్నాయని ఊరంతా తల పట్టుకుంటే, ఈయన ఒక్కడూ వార్ధా ఏటివైపు చూస్తూ కూర్చున్నాడు. నైజాం ఉన్నన్నాళ్లూ ఆ ఏరు సరిహద్దు. పని లేకుండా ఎవరూ దాటేవారు కాదు. ఇప్పుడు జిల్లా కచేరీ అవతలి గట్టుకు పోయింది కనుక భూమి తగాదా ఉన్నవాడూ, కోర్టు వాయిదా ఉన్నవాడూ అందరూ ఏరు దాటాల్సిందే. దాటేవాడు నావకోసం ఆగుతాడు, ఆగినవాడు ఏదో ఒకటి కొంటాడు. ఆయన లెక్క అంతే.

ఏటి ఒడ్డున ఆయన తాతకు నైజాం ఇచ్చిన మక్తాలో అరవై ఎకరాల రాళ్లనేల మిగిలింది. దొరతనానికి మిగిలిన గుర్తు అదొక్కటే. రాజూరాలో నడుస్తున్న దుకాణం అమ్మేసి అక్కడ ముప్పై పాకలు వేశాడు. గట్టు మీద మాకో ఇల్లు కట్టాడు. నేను మూడు రోజులు మాట్లాడలేదు. ఆయనకు ఆ తేడా తెలిసినట్టు కూడా లేదు.

ప్రతి బుధవారం అంగడి అన్నాడు. కానీ కొనేవాళ్లు లేని చోటికి అమ్మేవాళ్లు రారు, అమ్మేవాళ్లు లేని చోటికి కొనేవాళ్లు రారు. అందుకని విరూర్‌లో, సాస్తిలో, ఏటవతల విసాపూర్‌లో డప్పు కొట్టించి చాటింపు వేయించాడు. "అనంతరావు రేవుల దించిన గంప మళ్ల ఎత్తుకునుడు లేదు. పొద్దుగూకే వరకు అమ్ముడుపోని సరుకు ఏదైనా సావుకారే కొని ఇంటికి తీస్కపోతడు." ఇదీ చాటింపు.

జనం వచ్చారు. ఆ సరుకంతా మా ఇంటికొచ్చింది. ఒక వారం చీపుర్లు, ఒక వారం చాటలు. తొమ్మిది రోజులు వరసగా కాకరకాయ తిన్నాం. మా అత్తయ్య కాకరకాయ ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడల్లా కొడుకు వంక చూసేది. తినలేనివి ఈయన బండి కట్టించి చాందా పంపేవాడు.

ఇదంతా ఎందుకంటే తహసీల్దారు ఒక మాటన్నాడు. పన్నెండు బుధవారాలు తప్పకుండా అంగడి నిలిస్తే సర్కారు నావ మా రేవులో ఆగేలా రాసిస్తానన్నాడు. నిలవకపోతే నావ ఎప్పటిలాగే ఏటికి ఎగువనున్న పై ఊరిలోనే ఆగుతుంది. దుకాణం అమ్మిన సొమ్మూ పోతుంది, పాకలూ పోతాయి. పై ఊరి అంగడి ప్రహ్లాద్‌ది. వరసకు మా ఆయనకు బావే. మాలాగే కోమటి, మాలాగే నియమాల ఇల్లు. అందుకే మాకు ఎక్కడ తగిలితే నొప్పో ఆయనకు బాగా తెలుసు.

తొమ్మిదో బుధవారం కార్తీక ఏకాదశి పడింది. మరాఠీ వాళ్లకు ఉపవాసం. మా తెలుగు వాళ్లకు నెలంతా నీచు ముట్టని కార్తీకం. ఆ రోజు పొద్దున్నే ఒక నావ మా రేవుకు వచ్చింది. అందులోంచి ఈరమ్మ, ఆమె మొగుడు మల్లేశం దిగి ఎనిమిది గంపలు దించారు. ఎనిమిదింటిలోనూ ఎండుచేపలే.

వాళ్ల తప్పేం లేదు. "అనంతరావు రేవుల ఏది తెచ్చినా కొంటరంట" అని ప్రహ్లాద్ వాళ్లకు కబురు పంపాడు. ఏ రోజు వెళ్లాలో కూడా చెప్పాడు. తాను మాత్రం మధ్యాహ్నం తెల్లటి ధోవతి కట్టుకుని వచ్చి, చాయ్ పాక ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

సాయంత్రమైంది. మిగతా గంపలన్నీ ఖాళీ అయ్యాయి కానీ ఇంటికి పోవడానికి ఎవరూ లేవలేదు. మూడు వందల మంది మా ఆయనను చూస్తున్నారు. ఇంట్లో కార్తీకంలో ఉల్లిగడ్డను కూడా రానివ్వని మనిషి ఇప్పుడు ఎనిమిది గంపల చేపలు ఇంటికి తీసుకుపోవాలి. లేకపోతే చాటింపు అబద్ధమవుతుంది. వచ్చే బుధవారం ఈ మూడు వందల్లో ముప్పై మంది కూడా రారు. చాటింపు వేసేటప్పుడు ఈ మనిషికి వంకాయలూ కుండలూ తప్ప ప్రపంచంలో ఇంకో సరుకుందని తోచలేదు. గట్టు మీద నిలబడ్డ నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, అంతకు రెండింతలు జాలి వేసింది.

ప్రహ్లాద్ లేవకుండానే మెత్తగా అన్నాడు. "ఎందుకు బావా గంత ఫికరు? పైసలిచ్చి ఏట్ల పారబొయ్యి. ఎవరేమంటరు?"

మా ఆయన ముఖంలో ఒక్క క్షణం ఆశ కనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఈరమ్మ లేచి నిలబడింది.

"నేను ఎండల ఎండబెట్టింది ఏట్ల పొయ్యనియ్య సావుకారీ. ఊకెనే ఇచ్చే పైసలు నాకొద్దు. కొంటె ఇంటికి తీస్కపో. లేకుంటె నా గంపలు నేనెత్తుకుంట."

ఆమె ఒక్క గంప ఎత్తుకుంటే చాలు, మా రేవు అక్కడితో ఆఖరు. మా ఆయన గంపల వంక చూశాడు, గట్టు మీద ఇంటి వంక చూశాడు. పది మందిని మాటలతో పడగొట్టే మనిషి అలా నిలబడిపోతే చూడలేకపోయాను. గట్టు దిగి, కొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని ఈరమ్మ ముందు వంగాను. "చెయ్యి పట్టు ఈరమ్మా" అన్నాను. గంప నా నెత్తి మీదికి వచ్చింది. ఆ వాసన ఇప్పటికీ చెప్పలేను. ఊపిరి బిగబట్టి మెట్లెక్కాను.

పైన గుమ్మంలో అడ్డంగా మా అత్తయ్య నిలబడి ఉంది. ఏకాదశి ఉపవాసం, తడిబట్ట, చేతిలో జపమాల. ఈ ఇంట్లో నా కాపురం ఇవాళ్టితో సరి అనుకున్నాను. ఆమె గంపను చూసింది, నన్ను చూసింది, కింద జనాన్ని చూసింది.

"తూకం ఏసిండ్రా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"తూకం కాని సరుకు ఈ గడప దాటదు" అని లోపలికి తిరిగి పెద్ద త్రాసు తెమ్మని కేకేసింది. "ఈరమ్మా, పైకి రా. నీ సరుకు నువ్వే జోకు."

నా కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. మా అత్తయ్య పుట్టినప్పటి నుంచి సావుకారి ఇంటి మనిషి. సరుకు అని ఒప్పుకున్నాక అది ఏ సరుకన్నది ఆమెకు రెండో మాట. మా అరుగు మీద మొదటిసారి ఈరమ్మ కూర్చుని చేపలు జోకింది. కింద జనంలో కదలిక వచ్చింది. కుండలమ్మే పోశం ఒక గంప ఎత్తాడు, కూరగాయల సమ్మక్క ఇంకోటి ఎత్తింది. చూస్తుండగానే ఏడు గంపలు గట్టెక్కాయి.

ఎనిమిదోది ప్రహ్లాద్ బల్ల పక్కనే ఉంది. ఈరమ్మ దిగివచ్చి దాని ముందు వంగింది. మల్లేశం ఏడో గంపతో గట్టు మీదున్నాడు, చెయ్యి అందేంత దూరంలో ప్రహ్లాద్ తప్ప ఎవరూ లేరు.

"సావుకారీ, జర చెయ్యి పట్టుండ్రి."

బరువెత్తుకునే మనిషి చెయ్యి పట్టమంటే మా వైపు పగవాడైనా పడతాడు. పట్టనివాణ్ణి మనిషి కింద జమకట్టరు. మూడు వందల మంది చూస్తున్నారు. ప్రహ్లాద్ కాలు మీది కాలు దించాడు. వంగి, రెండు చేతులతో గంప పట్టి లేపాడు. చేపల పొలుసు ఆయన ధోవతి మీద రాలింది. అప్పుడు నవ్వింది జనం. రేవు రేవంతా నవ్వింది. మా ఆయన కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

మా అత్తయ్య మాత్రం నవ్వకుండా పై నుంచి పిలిచింది. "ప్రహ్లాద్, పొయ్యి మీద నీళ్లు పెడుతున్న. తానం చేసి పో బిడ్డా."

కార్తీకం వెళ్లగానే ఆ చేపలన్నీ సాస్తి బొగ్గుబావి కూలీలు ఒక్క పూటలో కొనుక్కుపోయారు. మేం మాత్రం ఇల్లు మూడుసార్లు కడుక్కున్నాం. తర్వాతి బుధవారం ఏటికి పైనుంచి ఏడు నావలు, కింది నుంచి నాలుగు నావలు మా రేవుకు వచ్చాయి. చేపలవాళ్ల సరుకును కోమటింటి అరుగు మీద జోకారన్న మాట ఏటి పొడుగునా పాకింది. పన్నెండో బుధవారం తహసీల్దారు వచ్చినప్పుడు ఆయన జీపు ఆపడానికి చోటు దొరకలేదు. సర్కారు నావ మాకు రాసిచ్చాడు. కాగితంలో 'అనంతరావు పేట' అని మరాఠీలో రాశాడు. చదవడం రాకపోయినా మా ఆయన ఆ కాగితాన్ని వారం రోజులు జేబులోనే పెట్టుకు తిరిగాడు.

మరుసటి ఏడాది ప్రహ్లాద్ వచ్చి ఒక పాక అడిగాడు. మా ఆయన కాదనలేదు. చేపల వరస పక్కనే ఇచ్చాడు. బావ మారుమాట లేకుండా పుచ్చుకున్నాడు, జనం ఎక్కువగా ఉండేది అక్కడే మరి.