ఉప్పునీటి తొట్టెలో నాచు

మా అక్క పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో పనిముట్లు కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేసేది. నేను అక్కడే అపాయింట్‌మెంట్లు రాసేదాన్ని. వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో డాక్టరుగారు ముచ్చటపడి పెట్టించుకున్న ఉప్పునీటి అక్వేరియం ఉండేది. అందులో ప్రాణమున్న పగడాలు, నాలుగు చేపలు. ఆ ఏడాది పచ్చటి నాచు జుట్టులా పెరిగి రాళ్ళన్నీ కమ్మేసింది. పగడాలు ముడుచుకుపోయాయి. మందు పోయించారు, వారం తగ్గి మళ్ళీ మొదలు.

"ఇక తీసేద్దాం, చూడలేకపోతున్నాను" అన్నారు డాక్టరుగారు.

"మూడు నెలలు నాకొదిలేయండి సార్" అంది అక్క.

ఆమె ముందు నాచు జోలికే పోలేదు. వారం రోజులు ఊరికే చూసింది. పరీక్ష సీసాలు తెప్పించి, మా కుళాయి నీటిని పరీక్షించింది. నాచుకు బలమిచ్చే ఫాస్ఫేటు అందులోనే ఉంది. తొట్టెలో ఆవిరైన నీటికి బదులు మేం రోజూ పోస్తున్నది ఆ నీళ్ళే. ఆవిరి యంత్రం కోసం క్లినిక్‌లోనే లవణాలేవీ లేని స్వేదజలం తయారవుతుంది. అది నా కళ్ళ ముందే రోజూ క్యాన్లోకి కారేది, నాకు తట్టలేదు. అక్కకు తట్టింది. ఆనాటి నుంచి తొట్టెలో ఆ నీళ్ళే పోశాం.

రెండో సంగతి చెప్పడమే కష్టం. డాక్టరుగారు అటు వెళ్ళినప్పుడల్లా చేపలకు చిటికెడు మేత వేసేవారు.

"చేపలు తినగా మిగిలింది నాచు తింటోంది సార్. దాన్ని మేపుతున్నది మీరే" అంది అక్క, పనిముట్ల పళ్ళెం అందిస్తూ, మామూలుగా.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన వెళ్ళి మేత డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

ఇక మిగిలింది చాకిరీ. రోజూ గంట ముందొచ్చి, చేతులు మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, మెత్తటి పళ్ళబ్రష్షుతో రాళ్ళు రుద్దేది. ఊడిన పోగులు తేలిపోకుండా సన్నటి గొట్టంతో లాగేసేది.

"డాక్టరుగారు పళ్ళు పీకుతారు, నువ్వేమో గడ్డి పీకుతున్నావు" అని మా బావ ఏడిపించేవాడు.

"నా పేషెంట్లు కనీసం అరవరు" అనేది.

ఐదో వారంలో నాచు మళ్ళీ తిరగబెట్టింది. నేనైతే చేతులెత్తేసేదాన్ని. "రాళ్ళు ఇన్నాళ్ళూ పీల్చుకున్న ఫాస్ఫేటును ఇప్పుడు వదులుతున్నాయిలే" అని, అక్క తొట్టెలో దీపాలు వెలిగే సమయం తగ్గించి, మళ్ళీ బ్రష్షు పట్టింది.

పదకొండో వారంలో ఒక ఉదయం తలుపు తీసేసరికి, ముడుచుకున్న ఊదారంగు పగడం అరచేయంత విచ్చుకుని ఉంది. డాక్టరుగారు కోటు సగం తొడుక్కుని అలాగే నిలబడిపోయారు. తొట్టె వెనక మూలన పచ్చటి నాచు కుచ్చు ఒకటి కనిపించింది.

"అదొక్కటీ ఎందుకు వదిలేశావమ్మా?"

"నిన్న రెండు నత్తలు తెచ్చాను సార్. వాటికీ తినడానికి ఏదో ఒకటుండాలిగా."

ఆయన నవ్వి, మొదటి పేషెంటును పిలవమన్నారు.