పన్నెండో పేరు

మంగళవారం నాలుగు గంటల గడిలో ఉన్న చదరంగాన్ని టైంటేబులమ్మ రబ్బరుతో చెరిపి, ఐదు గంటల గడిలోకి దించింది. వచ్చే నెల నుంచి పెద్ద పార్కులో నాలుగింటి ఎండ సరిగ్గా చదరంగం బల్లల మీదే పడుతుంది. ఆడేవాళ్ళంతా అరవై దాటినవాళ్ళు. ఎండ నెత్తిన పడ్డా లేవరు. ముందు లేచినవాడు ఓడినట్టు లెక్క కాబట్టి ఇద్దరూ మాడిపోతూ కూర్చుంటారు.

చదరంగం దిగితే బొమ్మలు గీసే పిల్లలు జరగాలి. పిల్లలు జరిగితే స్కేటింగు జరగాలి. ఒక్క గడి కదిపితే ఊరు సగం కదులుతుంది. ఆరు పార్కులు, రెండు మైదానాలు, ఒక ఈతకొలను. నగరపాలక సంస్థలో ఏ గంటకి ఎక్కడ ఎవరు ఆడాలో, ఎవరు నేర్చుకోవాలో, బల్ల అంత కాగితం మీద గళ్ళు గీసి రాసేది ఆమే. చిన్న పార్కులో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఏ క్లాసూ ఉండదు. ఆ గడిలో ‘ఊరికే కూర్చునేవాళ్ళు’ అని రాసి పెట్టింది. పై ఆఫీసరు ఒకాయన దాన్ని చూసి నవ్వితే, “వాళ్ళూ మనుషులేనండీ” అంది. ఆ గడి అలాగే ఉండిపోయింది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పార్కు తోటమాలి దగ్గర్నుంచి ఆఫీసరు దాకా అందరికీ ఆమె టైంటేబులమ్మే. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఇవాళ సాయంత్రం ఐదింటితో అయిపోతుంది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ గుర్తుంది, ఆమెకి తప్ప. ఆమె మనసంతా ఈతకొలను వరసలో పదకొండు గంటల గడి దగ్గరే ఆగిపోయింది.

అది ఆడవాళ్ళకి ఈత నేర్పే గడి. ఆ గంటసేపు కొలను తలుపులు మూసేస్తారు, లోపల ఆడవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఒకప్పుడు అలాంటివి మూడు ఉండేవి. పొద్దున ఏడు పోటీల జట్టుకి పోయింది. సాయంత్రం ఆరూ అంతే. అటు వెళ్ళిన గడి తిరిగి రావడం ఆమె ఎరగదు. మిగిలింది ఈ ఒక్కటే. కొత్త క్లాసు రేపు మొదలవ్వాలి. పుస్తకంలో పేర్లు పదకొండే ఉన్నాయి. పన్నెండు మంది లేకపోతే గడి మరొకరికి ఇచ్చేయాలి.

ఆ నియమం రాసింది కూడా ఆమే. ఇరవై ఏళ్ళ కింద, ఖాళీ క్లాసుల పేరు చెప్పుకుని కొందరు గడులు పట్టుకు కూర్చుంటుంటే, విసుగెత్తి రాసింది. తన చేత్తో తవ్విన గొయ్యి.

పదింటికి పోటీల జట్టు కోచ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి వస్తాడు.

“మేడమ్, పన్నెండు అయ్యారా?”

“ఐదింటి దాకా టైముంది కదా నాయనా.”

“నేనేం తొందరపెట్టడం లేదు. మా పిల్లలకి వచ్చే నెలలో పోటీలు. అందుకని...”

“పోటీలు ఏ నెలలో లేవు నీకు?”

అతను నవ్వేసి, నాలుగింటికి కొలను దగ్గర కలుస్తానని వెళ్ళిపోయాడు.

టైంటేబులమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది. పోయినసారి అడిగి చేరని వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తీసింది. ఒకావిడ కోడలికి జలుబు. ఇంకొకావిడ ఇల్లు మారింది. మూడో ఆవిడ ఎత్తగానే “అయ్యో, నేను ఇప్పుడు పెద్దదాన్నైపోయానమ్మా” అంది. ఆవిడ వయసు నలభై నాలుగని పుస్తకంలోనే ఉంది.

ఫోను పెట్టీ పెట్టకముందే అది మోగింది. బస్సు కండక్టరు. పుస్తకంలో తొమ్మిదో పేరు.

“అమ్మా, రేపు క్లాసు ఖాయమేగా? బతిమాలి డ్యూటీ మార్పించుకున్నా. నాకిది మూడోసారి. రెండుసార్లు మెట్ల మీద నుంచే పారిపోయా. ఈసారి పారిపోతే నన్ను బస్సు కూడా ఎక్కనివ్వొద్దని మా డిపోలో చెప్పేశా.”

“ఏం పారిపోవు. నేను నేర్చుకోలా?”

ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది, ఎప్పట్లాగే.

అసలు సంగతి ఏమిటంటే, టైంటేబులమ్మకి ఈత రాదు. మోకాలు దాటి ఎప్పుడూ నీళ్ళలో దిగలేదు. చిన్నప్పుడు ఎవరో మునిగిపోయిన కథేమీ లేదు. భయం, అంతే. భయానికి కారణం ఉండి తీరాలని ఏముంది? పంతొమ్మిదేళ్ళ కింద ఒక దర్జీ ఆవిడ కొలను గేటు పట్టుకుని, లోపలికి రాలేక, వెళ్ళలేక వణుకుతూ నిలబడింది. ఆమెకి ధైర్యం చెప్పాలని, “నేను నలభై ఏళ్ళకి ఇక్కడే నేర్చుకున్నా, నీకేం” అనేసింది. అప్పటికి తనకి ముప్పై తొమ్మిదే. దర్జీ ఆవిడ దిగింది. నేర్చుకుంది. ఇప్పుడు పదకొండు గంటల క్లాసుకి ఆవిడే పంతులమ్మ. అబద్ధం అంత బాగా పనిచేశాక దాన్ని పక్కన పెట్టడం ఎలా? ప్రతి ఏడాదీ వాడింది. చెప్పగా చెప్పగా, చల్లటి నీళ్ళు మొదటిసారి మెడ దాకా వచ్చినప్పుడు ఎలా ఉంటుందో కూడా కలిపి చెప్పేది.

మధ్యాహ్నం కాకముందు పెద్ద పార్కుకి నడిచి వెళ్ళింది. అక్కడ మూడు చుట్లు నడిచి ముప్పై చుట్ల కబుర్లు చెప్పుకునే ఆడవాళ్ళ గుంపు ఒకటి ఉంటుంది. విషయం చెప్పింది.

“నీకేం వదినా, నీకు ఈత వచ్చు” అంది వాళ్ళలో భారీగా ఉన్నావిడ. “నేను దిగితే నీళ్ళన్నీ గట్టెక్కుతాయి.”

“అందుకే నీకు ఈత తొందరగా వస్తుంది, నీళ్ళే ఉండవు” అంది పక్కావిడ.

అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. టైంటేబులమ్మా నవ్వింది. ఒక్కరూ పేరు ఇవ్వలేదు.

తిరిగి వచ్చి పుస్తకం తెరిచింది. పన్నెండో గీత ఖాళీగా ఉంది. లేని మనిషి పేరొకటి రాయడం ఎంతసేపు? ఎవరు లెక్కపెడతారు? కానీ దొంగ పేర్లతో నడిచిన క్లాసుల్ని తనే పట్టుకుని మూయించింది. అలా మూతపడ్డ వాటిలో అప్పటి పై ఆఫీసరు తమ్ముడిది కూడా ఒకటి. కలం మూత తీయబుద్ధి కాలేదు.

పుస్తకం మొదటి పేజీలో నియమాలు ఉన్నాయి, తన రాతలోనే. ఒకటి: పన్నెండు మంది. రెండు: సిబ్బంది ఎవరూ క్లాసుల్లో చేరరాదు. రెండో నియమం మీద ఆమె వేలు ఆగింది. రేపటి నుంచి తను సిబ్బంది కాదు.

వేలు చటుక్కున తీసేసింది. పొయ్యి మీద పెట్టినట్టు. పుస్తకం మూసి, అన్నం డబ్బా తెరిచింది. ఒక ముద్ద కలిపి, మళ్ళీ మూత పెట్టేసింది. చేరితే, ఆ పదకొండు మంది ముందు, దర్జీ ఆవిడ ముందు, మొదటి మెట్టు మీద వణుకుతూ నిలబడాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో కూడబెట్టుకున్న మాట విలువ ఒక్క గంటలో నీళ్ళపాలు. చేరకపోతే, రేపు పదకొండింటికి కండక్టరమ్మ మూసిన గేటు ముందు నిలబడుతుంది. ఈసారి పారిపోకుండా వచ్చి మరీ.

నాలుగింటికి పదకొండు మందీ లాకరు తాళాల కోసం కొలను దగ్గరికి వచ్చారు. దర్జీ పంతులమ్మ ఈలతో సహా సిద్ధంగా ఉంది. కోచ్ ఒక పక్కగా, గడి తమకివ్వమని రాసిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు.

“ఒకరు తక్కువటగా?” అంది కండక్టరు. “రేపు లేదా అయితే?”

టైంటేబులమ్మ పుస్తకం గోడకి ఆనించి, పన్నెండో గీత మీద రాసింది. అక్షరాలు వంకర పోయాయి.

“ఉంది. పన్నెండో పేరు నాది.”

“మీరు దేనికమ్మా? మీకొచ్చుగా!”

“రాదు.”



“అంటే?” అంది కండక్టరు.

“అంటే రాదనే. ఎప్పుడూ దిగలేదు. మీ అందరికీ చెప్పింది అబద్ధం.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “ఓరి దేవుడా! గట్టు మీద కూర్చుని ఊరందరినీ నీళ్ళలోకి తోశారా? టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని రోజూ పడుతున్నాగానీ, మీ అంతవాళ్ళు దొరకలేదమ్మా!”

ఈసారి అందరూ నవ్వారు. దర్జీ పంతులమ్మ నవ్వలేదు. ఆవిడ టైంటేబులమ్మనే చూస్తోంది.

“పంతొమ్మిదేళ్ళు” అంది చివరికి. “నీళ్ళు మెడ దాకా వస్తే ఎలా ఉంటుందో నాకు వర్ణించి మరీ చెప్పారు.”

“చెప్పాను.”

“అలా ఉండదు.”

“ఎలా ఉంటుంది?”

“రేపు మీకే తెలుస్తుంది. పదకొండుకి ఐదు నిమిషాల ముందుండాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళని నేను దించను.” ఆవిడ పన్నెండో తాళం ఆమె చేతిలో పెట్టి, అటు తిరిగిపోయింది.

కోచ్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. “పన్నెండైతే పన్నెండే మేడమ్” అన్నాడు.

ఐదింటికి ఆఫీసులో టీ ఇచ్చారు. నలుగురు నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆమె కుర్చీలోకి వచ్చే కొత్తమ్మాయి కాగితం మీద గళ్ళు చూసి బిత్తరపోయింది. “నీడ చూసి రాకుండా ఏ గడీ నింపకు తల్లీ” అని మాత్రం చెప్పింది టైంటేబులమ్మ. హాజరు పట్టీలో సంతకం పెట్టింది. అలవాటు కొద్దీ ఫ్యాను ఆపబోయి, అందరూ ఇంకా కూర్చునే ఉన్నారని గుర్తొచ్చి, మళ్ళీ వేసింది. సంచీ భుజాన వేసుకుని గేటు దాటింది. వీధిలో ఎవరూ తిరిగి చూడలేదు. రోజూ వెళ్ళే మనిషే కదా.

ఇంట్లో సంగతంతా విని ఆమె భర్త టీవీ కట్టేశాడు. “నీకు ఈత వచ్చని నేను ఊరంతా చెప్పుకున్నానే! నాకూ అబద్ధమేనా?”

“మీకు వేరేగా చెప్తే మర్చిపోతాననీ...”

“బాగుంది. ఇంతకీ భయంగా ఉందా?”

“ఉంది.”

“మునిగినవాడికి చలేంటిలే” అన్నాడాయన. మళ్ళీ తనే, “అంటే, మునగమని కాదు” అని సర్దుకున్నాడు.

మర్నాడు పదకొండుకి పది నిమిషాల ముందే ఆమె మెట్ల మీద ఉంది. మొదటి మెట్టు దగ్గర కాళ్ళు నిజంగానే వణికాయి. కండక్టరు ఆమె మోచెయ్యి పట్టుకుంది, ఎవరి భయం ఎవరిదో తెలియకుండా. ఇద్దరూ దిగారు. నీళ్ళు నడుము దాటి, మెడ దాకా వచ్చాయి. చల్లగా లేవు. ఎవరో కింద నుంచి మెల్లగా ఎత్తుతున్నట్టు ఉంది. ఇన్నేళ్ళూ అందరికీ తప్పు చెప్పింది.

అరగంట గడిచాక దర్జీ పంతులమ్మ ఒక నీలం రంగు తేలే పలక ఆమె చేతుల కింద పెట్టింది. గట్టు కడ్డీ మూడు బారల దూరంలో ఉంది. “కాళ్ళు ఆడించండి. నేను పక్కనే ఉన్నా” అంది. ఆ గొంతులో ఇంకా కొంచెం కోపం ఉంది, కానీ చెయ్యి మాత్రం ఆమె పొట్ట కిందే ఉంది. తర్వాత ఆ చెయ్యి లేదు. ఆ సంగతి టైంటేబులమ్మకి తెలియలేదు. కడ్డీ ఇంకో బారెడు దూరం ఉందనగా, ఆమె తన వేళ్ళు తనే విప్పింది. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆమెని ఎవరూ పట్టుకోలేదు, ఆమె దేన్నీ పట్టుకోలేదు.

కడ్డీ దగ్గర కేకలు, చప్పట్లు, దగ్గులు, నవ్వులు. వెనక, ఆమె వదిలేసిన చోట, నీలం పలక ఎవరూ లేకుండా నీళ్ళ మీద మెల్లగా తిరుగుతోంది.