కొమ్మ దించేసిన రోజు

మా తమ్ముడు స్తాంకోకి ద్రాక్షతోట ఉంది, రెండు ఆవులున్నాయి, నోరు మాత్రం లేదు. అలాంటివాడు మోకాళ్ళ నొప్పులకని వేడి బురద స్నానాలకి వెళ్ళి, పక్క తొట్టెలో ఉన్న తురీనో పట్నం ఆవిడతో స్నేహం చేసుకుని వచ్చాడు. ఆవిడ పేరు ఎర్సీలియా. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. ఏడాదిగా ఇద్దరి మధ్యా ఫోన్లే ఫోన్లు. చివరికి సెప్టెంబరులో మా త్రియెస్తే చూడటానికి వస్తానంది, అదీ ఒక్క రోజుకి.

"అక్కా, పొద్దున్న ఊరు నువ్వు చూపించు. మధ్యాహ్నం కొండ మీదకి తీసుకురా. అడిగేస్తాను," అన్నాడు స్తాంకో.

"ఏమని అడుగుతావురా?"

"ఇక్కడే ఉండిపొమ్మని."

"సాయంత్రం రైలుబండికి తిరుగు టికెట్టు కొనుక్కుని మరీ వస్తోందిరా ఆవిడ. ఈలోపు నీ నోరు పెగలాలి. పెగల్లేదో, ఇంక నీ గుమ్మం తొక్కను, చూసుకో."

కోపంగానే అన్నాను కానీ నాకు దిగులు. అమ్మ పోయాక వాడు ఆ రాతి ఇంట్లో ఆవులతో తప్ప మాట్లాడడు. ఆదివారం నేను వండి పట్టుకెళితే తింటాడు, గిన్నె కడిగి ఇచ్చేస్తాడు. ఈ సంబంధం కూడా జారిపోతే ఇంక వాడికి ఆ గిన్నే గతి.

కోటలూ చర్చీలూ ఎవరైనా చూపిస్తారు. నేను ఎర్సీలియాకి కాఫీ తాగించి, సముద్రంలోకి చొచ్చుకెళ్ళే రాతి వంతెన చివరిదాకా నడిపించి, అట్నుంచటే స్నానాల రేవుకి తీసుకెళ్ళాను. మా రేవులో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య తెల్లగోడ ఒకటి గులకరాళ్ళ మీదుగా నీళ్ళలోకి దిగుతుంది. ఆవిడ దాన్ని తలెత్తి చూసింది.

"అవతల మగవాళ్ళు ఏం చేస్తుంటారు దనీలా గారూ?"

"పొట్టలు వదిలేసి పడుకుంటారు. ఇవతల మనమూ అంతే."

"బాగుంది. ఇలాంటిది మా ఇంట్లో ఒకటుంటే నా కాపురం ఇంకా సుఖంగా సాగేది."

అప్పటిదాకా తురీనో మనిషి కదా, తల ఎగరేస్తూ ఉంటుందేమో అనుకున్నాను. ఆ మాటతో నాకు తెగ నచ్చేసింది. మా రేవు ముసలమ్మలు మాత్రం అంత తేలిగ్గా వదలరు. తువ్వాళ్ళు లాక్కుని చుట్టూ చేరారు.

"ఏమ్మా, మా కొండవాణ్ణి చూడ్డానికొచ్చావా?" అంది అందరికంటే పెద్దావిడ.

"చూడ్డానికి కాదండీ, వినడానికి. అడగాల్సింది ఒకటుంది అంటాడు, దగ్గుతాడు, ఫోను పెట్టేస్తాడు. ఆ దగ్గు తర్వాత ఏముందో విందామని వచ్చాను."

ముసలమ్మలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడకి అంతా తెలుసు. మా వెధవ మాత్రం దగ్గుతూ కూర్చున్నాడు.

బస్సు కొండెక్కుతుంటే ఒక మలుపులో ఎర్రబాణం గుర్తు పైన పచ్చని ఐవీ తీగ కొమ్మ వేలాడుతోంది. ఎవరింట్లోనైనా పెళ్ళా అని అడిగింది ఎర్సీలియా.

"పెళ్ళి కాదండీ, ఓస్మిత్సా. ఏడాదిలో కొన్నాళ్ళు మా రైతులు ఇంటి ముందే బల్లలేసి సొంత వైను పోస్తారు. దారి చూపే ఈ బాణం తప్ప బోర్డులూ గీర్డులూ ఉండవు. కొమ్మ కట్టుంటే తెరిచినట్టు. అప్పుడు పగవాడొచ్చినా సరే, కూర్చోబెట్టి పొయ్యాల్సిందే. కొమ్మ దించేస్తే ఇంక కన్నతల్లొచ్చినా చుక్క పుట్టదు. మా వాడు ఇవాళే కడుతున్నాడు, మీరొస్తున్నారని."

ఆవిడ ఆ కొమ్మ కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూసింది.

బస్సు దిగి కొండ అంచు దారిన నడిచాం. కింద సముద్రం, దూరంగా తెల్లకోట, దారి పక్క పొదలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. తనూ బురద స్నానాలకి వెళ్ళొచ్చిన మనిషే, నాకంటే ముందు నడుస్తోంది. గాలికి టోపీ ఎగిరిపోయి ముళ్ళపొదలో పడితే తనే దూరి తెచ్చుకుంది. ఇంత చక్కగా రోజు గడుస్తోంది కదా అని మురిసిపోతూ మా ఊరి నాలుగురోడ్ల దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

బాణం గుర్తు ఉంది. కొమ్మ లేదు. ఒక కారు వచ్చి ఆగింది, లోపలున్నాయన ఖాళీ మేకు వైపు చూసి, గొణుక్కుని, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి వెళితే గేటుకీ లేదు. ముంగిట్లో బల్లలన్నీ వేసే ఉన్నాయి. ఎర్సీలియాని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి నేను నేలమాళిగలోకి దిగాను. వాడు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పీపా మీద కూర్చున్నాడు.

"కొమ్మేదిరా?"

"దించేశాను. వైను పులిసిపోయిందక్కా."

గ్లాసు లాక్కుని పీపా కుళాయి కింద పట్టి తాగి చూశాను. నాన్న చేతి వైనుకంటే బాగుంది.

"అబద్ధాలాడకు. ఏమొచ్చింది నీకు?"

అరగంట బతిమాలితే గానీ వాడి నోరు పెగల్లేదు.

"పొద్దుట్నుంచి ఆవిడకి సముద్రం చూపించావు, పెద్ద పెద్ద కాఫీ హోటళ్ళు చూపించావు. ఇక్కడేముందే? రాళ్ళు, రెండు ఆవులు, నేను. కాదంటే ఆ మొహం ఎక్కడ పెట్టుకోను? బండికి పంపించెయ్యి."

"తగలెయ్! ఆవిడ సముద్రం చూడ్డానికొచ్చిందనుకుంటున్నావా?"

వాడు దగ్గాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో పైన కారు తలుపులు టపటపా మూసుకున్న చప్పుడు, బెంచీలు జరిపిన చప్పుడు, ఆ పైన ఒక బండ గొంతు వినిపించాయి.

"ఏం స్తాంకో! మమ్మల్ని ఎండబెడతావా? ఒక లీటరు ఎర్రది, గుడ్లు, పందితొడ ముక్కలు!"

ఇద్దరం పైకి పరిగెత్తాం. మూడు బల్లలు నిండిపోయి ఉన్నాయి. గేటుకి కొమ్మ వేలాడుతోంది. రోడ్డు మీద ఇంకో కారు ఆగుతోంది, అంటే నాలుగురోడ్ల దగ్గర కూడా కట్టినట్టే. ఎర్సీలియా జుట్టు నిండా ఆకులతో, ఊడిన దారం ముక్క చేతికి చుట్టుకుంటూ గేటు పక్కన నిలబడి ఉంది.

"ఎ... ఎవరు కట్టారు?" అన్నాడు స్తాంకో.

"నేనే. తోపుడుబండి వెనకాల పడేసి ఉన్నాయి రెండూ. ఆకులింకా వాడిపోలేదు. పొద్దున్న కట్టి ఇప్పుడే తీసినట్టున్నారు," అంది ఆవిడ. "కొమ్మ కట్టాక వచ్చినవాళ్ళని వెళ్ళిపొమ్మనకూడదట కదా?"

"అనకూడదు."

"అయితే నేనూ వచ్చినదాన్నేనండీ."

బల్లల దగ్గరవాళ్ళంతా ఇటు తిరిగారు. స్తాంకో మెడ ఎర్రబడింది, ఆ పైన చెవులు. దగ్గుతాడు, అంతే, అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను.

"వెళ్ళొద్దు," అన్నాడు వాడు. ముందు చిన్నగా, తర్వాత బల్లలన్నిటికీ వినపడేలా. "బండికి వెళ్ళొద్దు. ఉండిపో."

"ఆ ముక్కకే ఏడాది పట్టింది," అంది ఎర్సీలియా. బ్యాగులోంచి టికెట్టు తీసి, ఊగుతున్న బల్ల కాలి కిందకి మడిచి దోపింది. తర్వాత నా వైపు తిరిగి, "వదినా, గుడ్లు ఉడకబెట్టే గిన్నె ఎక్కడుంటుంది?" అంది.

ఓస్మిత్సా గడువు కాగానే నాలుగురోడ్ల దగ్గరిదీ, గేటుదీ దించేశాం. ఆ రాత్రి ఎర్సీలియా వంటింటి తలుపుకి కట్టిన మూడోది మాత్రం ఉండిపోయింది. అది ఎండినప్పుడల్లా మా తమ్ముడే కొత్తది కోసుకొచ్చి కడుతున్నాడు.