కాకరకాయకూ బొంతకూ మధ్య

నేను ఒక సూదిని. రవికలు కుట్టే సన్న సూదిని కాను, గోనెసంచులు కుట్టే దబ్బనాన్నీ కాను. ఆ రెండింటికీ నడుమ, మీ మధ్యవేలంత పొడవున, బొంతలు కుట్టడానికి పుట్టినదాన్ని.

మేము పుట్టే తీరు విచిత్రంగా ఉంటుంది. ఉక్కు తీగను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు రెండు కొసలూ పదును పెడతారు. నడుమ పక్కపక్కనే రెండు బెజ్జాలు పొడుస్తారు. తర్వాత ఫటుక్కున రెండుగా విరుస్తారు. అంటే మేము కవలలుగా పుట్టి, పుట్టిన క్షణంలోనే విడిపోతాం. నా తోడబుట్టినది ఏ ఊళ్ళో ఏ గుడ్డ కుడుతున్నదో నాకు తెలియదు. మనుషులైతే ఇంతమాత్రానికే జీవితమంతా తలచుకుని ఏడ్చేవారు. మాకు అంత తీరిక ఉండదు.

ఆర్మూరు పక్క పల్లెలో అంగడి రోజున పూసలమ్ముకునే ఆమె గంపలో నన్ను మొదట చూసింది పోశవ్వ. గోడ సందులో దాచుకున్న రాలిన వెంట్రుకల ఉండ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, నన్ను తీసుకుంది. గుప్పెడు వెంట్రుకలకు వచ్చానని నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. తల మీద ఉన్నన్నాళ్ళూ నూనె రాసి, దువ్వి, ముద్దు చేసిన వస్తువునే కదా ఆమె నాకోసం ఇచ్చింది.

పోశవ్వ దగ్గర నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి బొంత కుట్టు. రెండోది నా గురించి మనుషులకు ఉన్న భయాలు. సూదిని ఒకరు ఇంకొకరి చేతికి అందించకూడదట, జగడాలు వస్తాయట. కింద పెడితే ఎదుటివారు తీసుకోవాలి. పొద్దుగూకితే నా పేరే ఎత్తకూడదు. ముప్పై ఏళ్ళకు పైగా నన్ను ఆ ఇంట్లో ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వలేదు, జగడాలు మాత్రం ఏనాడూ ఆగలేదు. ఆ నింద ఇప్పుడు ఎవరి మీద వేస్తారో నేను అడగలేదు.

పోశవ్వ చూపు మందగించాక ఒకనాడు నన్ను గడప మీద పెట్టింది. కోడలు మణెమ్మ వంగి తీసుకుంది. నన్ను అప్పగించడమంటే అంతే, ఒక్క మాటా లేదు. ఆ రోజు నుంచి నేను మణెమ్మదాన్ని.

మణెమ్మకు ఏడాదిలో రెండే కాలాలు: బొంతలు కుట్టే కాలం, బొంతలు కప్పుకునే కాలం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే పాత చీరలు ఉతికి, గంజి పోయేదాకా జాడించి, డాబా మీద ఆరేస్తుంది. ఆ ఎండలోనే వడియాలు పెట్టాలి, మిరపకాయలు ఎండాలి, మామిడికాయ తొక్కు పడాలి. డాబా సగం వంటింటిది, సగం బొంతలది. ఒక చేత్తో కాకులను తోలుతూ ఇంకో చేత్తో నన్ను లాగుతుంది. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు రెండు వరసలు, అన్నం వార్చి మరో వరస. గీత గీసుకోదు, కొలత పెట్టదు. తలెత్తి చూస్తే కుట్లు బారులు తీరి ఉంటాయి. ఎన్నోసార్లు ఆ వేళ్ళ నడుమ నుంచి వెళ్తూ, దారి నేను చూపిస్తున్నానా ఆమె చూపిస్తున్నదా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఆమే చూపిస్తున్నది. నాకున్నది ముక్కు మాత్రమే.

మణెమ్మ భర్త లింబాద్రి బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజనులో ఏ నట్టు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇంట్లో తన బనీను మాత్రం కళ్ళు తెరిచినా కనిపించదు. కొడుకు శ్రీధర్ విత్తనాల కంపెనీలో పని చేస్తాడు. పొద్దున ఎనిమిదికల్లా ఇద్దరికీ తిండికి రెండు డబ్బాలు కట్టాలి. ఆ ఎండాకాలం కూతురు రవళి మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

బిడ్డ పుట్టకముందే బిడ్డ కోసం గుడ్డ కుట్టకూడదన్నది వాళ్ళ పట్టింపు. పుట్టిన ఇరవై ఒకటో రోజున తొట్టెల కట్టి బిడ్డను ఉయ్యాల వేస్తారు. ఆ తొట్టెలలో అమ్మమ్మ కుట్టిన బొంత పరవాలి. కొత్త గుడ్డ పసిఒంటికి గరుకని, కట్టి కట్టి మెత్తబడ్డ చీరలతోనే కుడతారు. అంటే ఇరవై రోజుల్లో బొంత కావాలి, ఆ ఇరవై రోజులూ బాలింతకు పథ్యం వంట వేరే, మిగతావారికి వంట వేరే.

ఆడపిల్ల పుట్టింది. మణెమ్మ పోశవ్వవి రెండు నేత చీరలు, తనవి మూడు, రవళి చిన్నప్పటి ఓణీ ఒకటి తీసింది. ఆరు పొరలు. పోశవ్వ అప్పటికి లేదు. ఆమె చీరలోంచి నేను దూరినప్పుడు పసుపూ పొగా కలిసిన వాసన వచ్చింది. ఆరు పొరలనూ ఒక్క పోటుతో కలపగలిగినందుకు నా జన్మలో మొదటిసారి నాకు గర్వం కలిగింది.

ఇక ఇరవయ్యో రోజు పొద్దున జరిగింది చెబుతాను. ఆనాడు బాలింతకని గుత్తి కాకరకాయ వండింది మణెమ్మ. వేయించిన పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ కలిపి నూరి కాయల కడుపులో కూరుతుంది. అందరూ కూరినది బయటపడకుండా కాయకు దారం చుడతారు. మణెమ్మ చుట్టదు, కుడుతుంది. కాయకు మూడే కుట్లు. ముక్కు తిప్పకండి, తిన్నవారెవరూ ఇంతవరకు ముక్కు తిప్పలేదు. అందుకు ఆమె వంటింట్లో వేరే సన్న సూది ఉండేది. ఆ పొద్దున దాని బెజ్జం విరిగింది. అంగడికి పోయే తీరిక ఎక్కడిది? నన్ను మరిగే నీళ్ళలో ముంచి, ఉప్పుతో తోమి, కాకరకాయల పనికి దించింది.

నాలుగు కాయలు కుట్టి మూకుట్లో వేసింది. అవి మగ్గేలోపు నన్ను కడిగి, వసారాలో బొంత మూల ఒక వరస కుట్టింది. మళ్ళీ కడిగి నాలుగు కాయలు. మళ్ళీ బొంత. నడుమ కుక్కరు కూసింది, పాప ఏడ్చింది, లింబాద్రి బనీను కోసం ఇల్లంతా ఏకం చేశాడు. చివరి కాయ కుట్టి, కడిగి, బొంత చివరి మూలకు వచ్చింది. దారం అయిపోయింది. ముడి వేసి, పళ్ళతో కొరికి, కొత్త దారం తెచ్చేలోపు పాలు పొంగాయి. నన్ను బొంతలో గుచ్చి పరుగెత్తింది, ఆ తొందరలోనే రెండు డబ్బాలూ కట్టి పంపింది; నన్ను చివరికి గుచ్చింది బొంతలోనో కాయలోనో ఆమెకే గుర్తు లేకపోయింది.

ఆ తర్వాత రవళి వచ్చి, వసారాలో ఎండ పడుతున్నదని బొంతను నాలుగు మడతలు పెట్టి మంచం మీద ఉంచింది. ఆ మడతలో నేను జారి, రెండో పొరకూ మూడో పొరకూ మధ్య పడుకున్నాను. అబద్ధమెందుకు, మొదట నాకు హాయిగానే ఉంది. అంత మెత్తని చోట నేను ఎప్పుడూ పడుకోలేదు.

పదింటికి మణెమ్మ వచ్చి చూసుకుంటే నేను లేను. దారపుండ చూసింది. భుజం మీద కొంగు తడుముకుంది. రోలు పక్కన, గిన్నెల కింద వెతికింది.

"ఏమైందే అమ్మా?" రవళి పాపను ఎత్తుకుని వచ్చింది.

"సూది కనవడ్తలేదు బిడ్డా. బొంతలుండాలె, లేకుంటే కాకరకాయలుండాలె."

నేను ఇక్కడున్నాను, ఇక్కడున్నాను అని ఆ క్షణంలో ఎంత అరిచానో! సూదికి బెజ్జం ఉంటుంది గానీ నోరు ఉండదు.

రవళి తన పళ్ళెంలోని కాకరకాయలు చీల్చి చూసింది. లేదు. శ్రీధర్‌కు ఫోను చేశారు. "డబ్బా ఇంక ఇప్పనేలేదే" అన్నాడు. ఫోను పక్కన పెట్టి, కాయలన్నీ విడగొట్టి చూసి, లేదన్నాడు. ఇక లింబాద్రి మిగిలాడు. మణెమ్మ అతనికి ఫోను చేసింది.

"ఏమయ్యా, కాకరకాయ తిన్నవా?"

"తిన్న" అన్నాడు, తర్వాత "తినలే" అన్నాడు.

"తిన్నవా తినలేవా? అండ్ల సూది ఉన్నదేమో!"

సూది కోసం సోదికి పోతే పాత బాగోతాలన్నీ బయటపడ్డాయని ఊరికే అనలేదు. లింబాద్రికి కాకరకాయ అంటే పుట్టినప్పటి నుంచీ పడదట. భార్య అంత కష్టపడి కుట్టిందని చెప్పలేక, ఇరవై ఎనిమిదేళ్ళుగా డిపోలో తన తోటి మెకానిక్కు ఖాజాకు పెట్టి, ఖాళీ డబ్బా ఇంటికి తెస్తున్నాడట. పెళ్ళాం వంటకు ఇన్నేళ్ళుగా కితాబు ఇస్తున్నది ఖాజా కడుపు. ఆ పొద్దున కూడా తొమ్మిదిన్నరకే ఖాజా రొట్టెలతో నాలుగు కాయలూ తినేశాడు.

సూది మాట వినగానే పక్కనే ఉన్న ఖాజా ఫోను లాక్కున్నాడు. "చెల్లె, నాకు గొంతుల ఏదో గుచ్చుకున్నట్టే ఉన్నది. ఇప్పుడే దవాఖానకు వోతున్న."

"ఆగన్నా, గాబర వడకు. నేను బొంత చూసి చెప్త" అంది మణెమ్మ. గొంతు నిలకడగానే ఉంది.

నేను ఎవరి కడుపులోనూ లేనని తెలియాలంటే బొంతలో దొరకాలి. దొరకకపోతే ఒక మనిషి ప్రాణం, దొరక్కుండానే పరిస్తే ఒక పసిప్రాణం. లింబాద్రి సాయంత్రం డిపో నుంచి అయస్కాంతం తెస్తానన్నాడు. అది దగ్గరికి వస్తే నేను ఎగిరి అంటుకునేదాన్నే. కానీ సాయంత్రం దాకా ఖాజా ఎలా ఆగుతాడు, ఆమె ఎలా ఆగుతుంది?

బొంతను నేల మీద పరిచింది. దులిపింది. రెండు అరచేతులతో అంగుళం అంగుళం తడిమింది. ఆమె చెయ్యి నా మీదుగానే వెళ్ళింది. తెలియలేదు. వేడి గిన్నెలు పట్టి, మిరపకారం కలిపి, నన్ను నెట్టి నెట్టి కాయలు కాచిన చేతులవి. సూది మీద పెత్తనం చేసిన చేతులకు సూది ఆనవాలు పట్టే మెత్తదనం పోయింది.

కుట్ల వరసను వేలితో పైకెత్తి చూసింది. విప్పేస్తుందేమో, ఇరవై రోజుల కుట్లు తెంపేస్తుందేమో అనుకున్నాను. ఆమె తలుపు వేసి రమ్మని రవళితో చెప్పి, మోచేతులు దాటేలా రవిక చేతులు పైకి మడుచుకుని, బొంత మీద బోర్లా పడుకుంది. చెంప ఆనించి, మెడ ఆనించి, ముంజేతుల లోపలి పక్క ఆనించి, బరువంతా వేసి నొక్కుతూ, మెల్లగా ఒక వరస నుంచి ఇంకో వరసకు జరగసాగింది.

"అమ్మా! ఏం జేస్తున్నవే! గుచ్చుతదే!" అంది రవళి.

"గుచ్చాలెననే బిడ్డా."

నేను ఎన్ని బట్టలు చూశాను, ఎన్ని వేళ్ళలో గుచ్చుకున్నాను! సూది గుచ్చుకుంటే అబ్బా అని చెయ్యి లాక్కునేవారే మనుషులు. సూది తనకే గుచ్చుకోవాలని మొహం పెట్టి వెతికే మనిషిని నేను అంతవరకు చూడలేదు. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, ఆ ఇంట్లో ఇన్నేళ్ళుండి ఆమె ఎవరో నాకు తెలియదనిపించింది. ఒక్కో వరసా దాటుతూ దగ్గరికి వస్తున్నది. నేను మొనలేని దాన్నైతే బాగుండునని, అదే క్షణంలో నా మొన ఇంకా పదునుగా ఉండాలని కోరుకున్నాను. మొద్దుబారి ఉంటే తెలియకుండా దాటిపోతుంది కదా.

ఐదో వరసలో ఆమె చెంప నా మీద పడింది. పోశవ్వ చీరను చీల్చుకుని కుడి కంటి కింద దిగాను.

ఆమె కేక వెయ్యలేదు. "దొరికింది" అంది, ఎవరో చుట్టం వచ్చారన్నంత సంతోషంగా. నన్ను మెల్లగా లాగి, కొంగుతో తుడిచి, బెజ్జంలో దారం ఎక్కించి గోడకున్న సంచికి గుచ్చింది. చెంప మీద నెత్తుటి బొట్టు జారుతుండగానే ఫోను చేసింది. "బొంతలనే దొరికింది, ఖాజన్నకు చెప్పయ్యా." ఖాజా గొంతునొప్పి అప్పటికప్పుడే పోయిందట. ఆ నాలుగు కాయలూ మాత్రం శానా బాగున్నాయని చెప్పమన్నాడట. మణెమ్మ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఇకనుంచి లింబాద్రికి బెండకాయ కడతానంది.

ఇక అయిపోయిందని నేనూ అనుకున్నాను, రవళీ అనుకుంది. పాపను పడుకోబెట్టి చూద్దామని తీసుకువచ్చింది. మణెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మళ్ళీ బొంత మీద బోర్లా పడుకుని, ఆరో వరస నుంచి చివరిదాకా, అంతకుముందులాగే చెంపను నొక్కి నొక్కి జరగడం మొదలుపెట్టింది.

"ఒక్క సూదే గదనే అమ్మా. దొరికింది గద?"

"దొరికింది బిడ్డా, అది నాకూ ఎర్కే. ఇంకేం లేదని నా ఒళ్ళు గూడ జెప్పాలె."

గోడ మీద నుంచి చూస్తున్నాను. చివరి మూలకు చేరి, లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు చాచింది. రవళి పాపను ఆ చేతుల్లో పెట్టింది.