నలభై నాలుగు సెకన్లు

తమ్ముడి సంతాప సభలో నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో కూడా గోల్ఫ్ పోటీల పెద్ద రిఫరీగారే ఫోనులో చెప్పారు.

"ఆ పెనాల్టీ సంగతి చెప్పండి మాస్టారూ. సొంత తమ్ముడని చూడకుండా వేశారు. కొత్తగా ఆడేవాళ్ళు వినాల్సిన మాట."

సరేనన్నాను.

తమ్ముడు పదహారేళ్ళు గోల్ఫ్ ఆడి బతికాడు. నేను బడిలో లెక్కలు చెబుతాను. సెలవుల్లో పోటీలకు టైము చూసే పనికి వెళ్ళేవాణ్ణి. తోటి ఆటగాళ్ళు తమ్ముణ్ణి 'నిదానం' అని పిలిచేవారు.

"వీడు కొట్టేలోపు నేను గడ్డం గీసుకుని వస్తా" అనేవాడొకడు.

"గీసుకో. నువ్వొచ్చేసరికి బంతి హోల్‌లో ఉంటుంది" అనేవాడు వీడు.

బంతి వెనక నిలబడి ఒకసారి చూడటం, పక్కకొచ్చి ఇంకోసారి చూడటం, ఊపిరి వదలడం, కొట్టడం. చిన్నప్పటినుంచీ అదే వరస.

మూడేళ్ళ కిందట ఒక పోటీ రెండో రోజున వాళ్ళ ముగ్గురి జట్టు ముందువాళ్ళకంటే బాగా వెనకబడింది. అలా వెనకబడితే ఒక్కో షాట్‌కు నలభై సెకన్లే ఇస్తారు. ఒకసారి దాటితే హెచ్చరిక. రెండోసారి దాటితే పెనాల్టీగా స్కోరుకు ఒక షాట్ కలుపుతారు. గోల్ఫ్‌లో తక్కువ షాట్లు కొట్టినవాడిదే గెలుపు. నన్ను ఆ జట్టుకు వేయొద్దన్నాను. వేరే మనిషి లేడన్నారు. బయల్దేరుతుంటే పెద్ద రిఫరీగారు, "తమ్ముడి దగ్గర మీ వాచీ మెల్లగా నడవదు కదా మాస్టారూ?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నా వెంటే వచ్చింది.

పదిహేనో హోల్ దగ్గర వాడికి హెచ్చరిక పడింది. అది న్యాయమే. పదిహేడో హోల్ దగ్గర, అవతలి ఆటగాడి బ్యాగు మోసే మనిషి ఇసుక గుంట చదును చేసి, తమ్ముడి బంతి దారికి అడ్డంగా నడిచి వెళ్తున్నాడు. ఆ మనిషి తప్పుకున్నాకే లెక్క మొదలవ్వాలి. నేను ముందే వాచీ మీట నొక్కాను. నొక్కగానే తప్పని తెలిసింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పెట్టలేదు. ఆ మనిషి తప్పుకోవడానికి ఆరు సెకన్లు పట్టింది.

"నలభై నాలుగు" అన్నాను.

వాడు నా ముఖంలోకి చూసి, "సరే అన్నయ్యా" అన్నాడు. ఎదురు అడగలేదు.

ఆ ఒక్క షాట్‌తో వాడికి మిగతా రెండు రోజులు ఆడే అర్హత పోయింది. ఏడాది చివర పెద్ద పోటీల జాబితాలోంచి పేరు కూడా పోయింది. నన్ను మాత్రం అందరూ మెచ్చుకున్నారు. మా హెడ్మాస్టరు పిల్లలందరి ముందు నా గురించి చెప్పారు. నేను తల దించుకుంటే వినయమనుకున్నారు.

సభకు ముందురోజు సాయంత్రం మరదలి దగ్గరికి వెళ్ళాను. వాడి చొక్కాలు మడత పెడుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయితే ఎన్ని సెకన్లు?"

"ముప్పై ఎనిమిదమ్మా."

చేతిలోని చొక్కా పక్కనున్న బల్ల మీద పెట్టింది.

"ఆ తర్వాత రోజూ ఈ బల్ల పక్కన గోల్ఫ్ కర్ర పట్టుకుని నిలబడేవారు బావగారూ. నన్ను లెక్కపెట్టమనేవారు. ముప్పై దాటితే మళ్ళీ మొదటికి. రెండోసారి చూడటం మానేశారు. ఊపిరి వదలకుండా కొట్టడం అలవాటు చేసుకున్నారు. ఇక పోటీల్లో బంతి ఎటు పోయేదో ఆయనకే తెలీదు. మీ ఆట మీరు ఆడండి అంటే ఏమనేవారో తెలుసా?"

ఆమె మళ్ళీ చొక్కా అందుకుంది.

"అన్నయ్య లెక్క తప్పదు, నేనే నెమ్మదించాను, అనేవారు."

వాడు ఆ రోజు ఎదురు అడగలేదు కనక, తెలిసే క్షమించాడని మూడేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. వాడు నన్ను నమ్మాడు. అంతే జరిగింది.

"ఆయన్ని నిదానం అన్నారందరూ. మీకు ఈ మాట చెప్పడానికి మూడేళ్ళు పట్టింది" అంది మరదలు.

"రేపు సభలో చెబుతాను."

"మీ ఇష్టం. నేను ముందు వరసలోనే కూర్చుంటాను."

మర్నాడు పెద్ద రిఫరీగారు నన్ను నాలుగు పొగడ్తలతో పిలిచారు. మైకు ముందు నిలబడి, "ఆ రోజు మా తమ్ముడు ముప్పై ఎనిమిది సెకన్లలోనే కొట్టాడు. మీరు నవ్వుతారని భయపడి లెక్క ముందే మొదలుపెట్టాను" అన్నాను.

ఎవరైనా తిడతారని ఎదురుచూశాను. పెద్ద రిఫరీగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "దుఃఖంలో ఉన్నారు. తమ్ముడి తప్పు తన మీద వేసుకుంటున్నారు. పెద్ద మనసు" అన్నారు జనంతో. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అంతకంటే చెంపదెబ్బ నయం.

మరదలు లేచి నిలబడింది.

"దుఃఖం కాదండీ. నిజమే చెబుతున్నారు. వినండి."

నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను. బంతి ఎక్కడుందో, బ్యాగు మోసే మనిషి ఎటు నడిచాడో, నేను ఎప్పుడు నొక్కానో.