సగం కోత

సునీల్ చెప్పిన పది రోజులను ఐదు చేసి, మధుకర్ తీరిగ్గా టీ తాగాడు. జనగామ బస్టాండు వెనక, పత్తి మిల్లులకు బిల్లుల సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ అది. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో సునీల్ లాంటి ప్రోగ్రామర్లను ఒక్కొక్కరినీ అడిగి, కొత్త వర్షన్ ఎప్పుడు విడుదల చేయాలో తేల్చడం మధుకర్ ఉద్యోగం. తేల్చడమంటే సగానికి కోయడమే. కోస్తాడని తెలిసి అందరూ రెట్టింపు చెబుతారు. రెట్టింపు చెబుతారని తెలిసి అతను కోస్తాడు. బతుకంతా ఈ బేరంలోనే గడిపి, దానికి ప్లానింగ్ అని పేరు పెట్టుకున్నాడు.

చూడటానికి మనిషి నిండుగా ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, యజమాని గోపాల్ గది తలుపు చప్పుడైతే చాలు లోపలికి పోయే పొట్ట. ఒకప్పుడు ప్రోగ్రాములు రాశాడట. ఇప్పుడు అడిగితే నవ్వేసి ఊరుకుంటాడు. అరగంటలో వస్తున్నానని ఫోన్ చేస్తే, భార్య శ్రీలత గంటదాకా బియ్యమైనా కడగదు.

తర్వాత సుష్మిత వంతు. బచ్చన్నపేట నుంచి బస్సులో వచ్చే కొత్త అమ్మాయి. పత్తిలో తేమను బట్టి ఎంత తరుగు తీయాలో లెక్కగట్టే భాగం ఆమెది. ఎనిమిది రోజులంది. మధుకర్ అలవాటుగా నాలుగు వేసుకున్నాడు. ఆమె కదలలేదు.

"అన్నా, నేను ఎక్కువ కలిపి చెప్పలే. రాసుడు నాలుగు దినాలు, సరిజూసుడు నాలుగు. చూడకుంట ఇస్తే తరుగు తప్పు పడతది, రైతు మునుగుతడు. సార్ ముంగట గీ ముచ్చట జర మీరే చెప్పుండ్రి."

అది నిజమని మధుకర్‌కు తెలుసు. ఇన్నేళ్ళలో అతని ముందుకొచ్చిన మొదటి నిజమైన అంకె అదే. చూద్దాంలే అన్నాడు.

మధ్యాహ్నం గోపాల్ అందరినీ పిలిచాడు. సోమవారానికల్లా, అంటే ఐదు రోజుల్లో, ఇస్తామని మిల్లులవాళ్ళకు అప్పుడే మాటిచ్చేశాడట. మూడు రోజుల పనికి ఐదు రోజులు దక్కించుకున్న సునీల్ దిగులు మొహం పెట్టి ఒప్పుకున్నాడు. సుష్మిత పని సంగతేమిటని గోపాల్ మధుకర్‌ను అడిగాడు. నిజం చెబితే ఉద్యోగమేమీ ఊడదు, మహా అయితే ఆయన ఒకపూట మొహం చిట్లిస్తాడు. ఆ చిట్లింపుకే ఈ పెద్దమనిషికి చెమటలు పట్టాయి.

"అయితది సార్," అన్నాడు. "కొత్త పిల్ల గదా, భయపడి ఎక్కువ చెప్పింది."

సుష్మిత లేచింది. తప్పు లెక్క తన చేత్తో ఇవ్వలేనని, ఇక పనికి రానని గోపాల్‌కు చెప్పి బ్యాగు తగిలించుకుంది. పోతూ మధుకర్ దగ్గర ఒక్కక్షణం ఆగింది.

"మా నాయిన గూడ పత్తే అమ్ముతడన్నా."

ఆమె పని సునీల్‌కు ఇచ్చారు. సునీల్ పదహారు రోజులన్నాడు. మధుకర్ ఎనిమిది వేసుకున్నాడు. గోపాల్ మొహమైనా చిట్లించకుండా మిల్లులవాళ్ళకు ఫోన్ చేసి గడువు పెంచమన్నాడు. ఆ ఎనిమిదే పొద్దున ఆ అమ్మాయి అడిగింది. ఇది మధుకర్‌కు తట్టకపోలేదు, తట్టినా గొంతులో టీ దిగడం ఆగలేదు.

అందరూ వెళ్ళాక ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ గుచ్చుకుంటుందని ఇంటినుంచి తెచ్చుకున్న దిండును ఆమె మరిచిపోయింది. అటూ ఇటూ చూసి, దాన్ని తెచ్చి తన కుర్చీలో వేసుకుని కూర్చున్నాడు. పాత చీరతో కుట్టిన ఆ దిండు మెత్తగా ఉంది.